పేరు పెట్టని పత్రిక

కిందటేడు ఒక సదస్సులో స్త్రీల పత్రికల చరిత్ర గురించి మాట్లాడి కూర్చున్నాక, ఒక పరిశోధక విద్యార్థిని లేచి అడిగింది. "మేడమ్, మీరు సంపాదకత్వం వహించిన మొట్టమొదటి పత్రిక ఏది?" ఇలాంటి ప్రశ్నకు నా దగ్గర ఒక గౌరవనీయమైన జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తొంభైల్లో నలుగురైదుగురు మిత్రులం కలిసి నడిపిన సాహిత్య బులెటిన్ పేరు చెప్తుంటాను. ఆ రోజు ఎందుకో నిజం చెప్పాలనిపించింది. "నాజియా హసన్ అనే పాప్ గాయని మీద 1983లో, డిగ్రీ చదువుతూ తీసిన సైక్లోస్టైల్ పత్రిక" అన్నాను. హాలంతా నవ్వింది. చెడ్డ నవ్వేం కాదు, ముచ్చటపడిన నవ్వే. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక ఆ నవ్వు నన్ను వదల్లేదు. మా సాహిత్య బులెటిన్ కూడా రెండువందల కాపీలకు మించి ఎన్నడూ పోలేదు. దాన్నీ మేం మా డబ్బులతోనే వేశాం, మా చేతులతోనే మడిచి పోస్టు చేశాం. దాని గురించి చెప్తే ఎవరూ నవ్వరు. పదిహేడేళ్ల పిల్లలు తమ ఈడు పిల్ల పాడిన పాటల కోసం ఒక పత్రిక తీస్తే అందులో నవ్వడానికేముంది? ఈ ప్రశ్న వెంటపడి కొంత చదివాను. చదువుతుంటే రెండో సంగతి బయటపడింది. నేను ఆ రోజు చెప్పింది కూడా పూర్తి నిజం కాదు. ఆ పత్రికకు సంపాదకత్వం వహించింది నేనొక్కదాన్నే కాదు. ఈ వ్యాసం ఆ రెండు విషయాల గురించి.

ఈ తరం వాళ్లకు నాజియా ఎవరో కొంచెం చెప్పాలి. ఆమె 1965 ఏప్రిల్ 3న కరాచీలో పుట్టింది. బాల్యం కొంత కరాచీలో, కొంత లండన్‌లో గడిచింది. 1980లో ఫిరోజ్ ఖాన్ తీసిన 'ఖుర్బానీ' సినిమాలో 'ఆప్ జైసా కోయి' పాట పాడేనాటికి ఇంకా స్కూలు పిల్ల. ఆ పాటకు బాణీ కట్టిన బిడ్డు బెంగళూరు నుంచి లండన్ వెళ్లి, 1974లో 'కుంగ్ ఫూ ఫైటింగ్' రికార్డుతో ప్రపంచానికి తెలిసినవాడు. 1981లో ఆమెకు ఉత్తమ నేపథ్య గాయనిగా ఫిలింఫేర్ అవార్డు వచ్చింది. అదే ఏడాది తమ్ముడు జొహేబ్‌తో కలిసి 'డిస్కో దీవానే' ఆల్బమ్ చేసింది. ఆ క్యాసెట్ హైదరాబాదు ఇరానీ హోటళ్ల నుంచి పెళ్లి పందిళ్ల దాకా మోగింది.

ఆ పాటలు మాకెందుకంత నచ్చాయో అప్పుడు చెప్పలేకపోయేవాళ్లం. ఇప్పుడు ఆలోచిస్తే ఒక కారణం తోస్తుంది. అప్పటిదాకా మేం విన్న ఆడగొంతులన్నీ మరొకరి పెదవుల మీదికి వెళ్లి కూర్చునే గొంతులే. సుశీల పాడితే సావిత్రి ముఖం కనిపించేది. లత పాడితే ఎవరో ఒక హీరోయిన్ చెట్టు పక్కన నిలబడేది. 'డిస్కో దీవానే' క్యాసెట్ అట్ట మీద ఉన్న అమ్మాయే లోపల పాడుతోంది. కొంచెం ముక్కుతో పాడినట్టుండే సన్నని గొంతు. శిక్షణతో నునుపుదేరిన గొంతు కాదు. మా హాస్టలు బాత్రూముల్లో మేం పాడుకునే గొంతుకు దగ్గరగా ఉండేది. పైగా ఆమె నాకంటే సరిగ్గా ఆరు నెలలు పెద్ద.

నేను నల్లగొండ జిల్లా పల్లెటూరి నుంచి వచ్చి హైదరాబాదులో ఒక ఆడపిల్లల కాలేజీలో చేరాను. నా పక్కన కూర్చునే అమ్మాయి పాతబస్తీ నుంచి రోజూ బస్సులో వచ్చేది. గల్ఫ్‌లో పనిచేసే వాళ్ల అన్న తెచ్చిన టూ-ఇన్-వన్ వాళ్లింట్లో ఉండేది. నాకు ఉర్దూ రాదు, ఆమెకు తెలుగు రాయడం బాగా వచ్చు. క్యాసెట్ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని పాటల మాటలన్నీ ఒక నోటుబుక్కులో తెలుగు లిపిలో రాసింది. పక్క పేజీలో అర్థం రాయడం నా వంతు. తనకు తెలియని మాట తగిలితే వాళ్ల నానిని అడిగి వచ్చేది. ఆ నోటుబుక్కు హాస్టలంతా తిరిగింది. ఒకరి తర్వాత ఒకరు రాసుకుంటున్నారు. పేజీలు చిరిగిపోతున్నాయి. ఒకరోజు ఆమే అంది, "ఎంతమందికని రాసిస్తం? స్టెన్సిల్ కట్ చేస్తే ఒక్కసారే యాభై మందికి అయితది గదా."

మా పత్రిక అట్లా పుట్టింది. అవసరానికి పుట్టింది. పత్రిక తీస్తున్నామన్న ఎరుక కూడా మొదట్లో మాకు లేదు.

సైక్లోస్టైల్ పద్ధతి ఇప్పటివాళ్లు చూసి ఉండరు. స్టెన్సిల్ అంటే మైనం పూసిన పలచని కాగితం. మొన ఉన్న కలంతో దానిమీద రాస్తే రాసినచోట మైనం చెదిరిపోయి, ఆ గీతల్లోంచి ఇంకు కిందికి దిగుతుంది. దాన్ని గెస్టెట్నర్ మెషిను డ్రమ్ముకు చుట్టి, పిడి తిప్పుతుంటే ఒక్కో కాగితం మీద అచ్చు పడుతుంది. ఇంగ్లీషయితే టైపు మెషిను మీద రిబ్బను పక్కకు తప్పించి కొట్టేవాళ్లు. మాకు అందుబాటులో తెలుగు టైపు మెషిను లేదు. అందుకని మొత్తం చేత్తోనే. కలం కొనే డబ్బులు లేక ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో, కింద ఫొటో ఫ్రేము గాజు పెట్టుకుని రాసేది ఆమె. ఇంగ్లీషు అక్షరాల కంటే మన అక్షరాలతో కష్టం ఎక్కువ. అన్నీ వంపులూ సున్నాలూ. సున్నా పూర్తిగా చుట్టి గట్టిగా నొక్కితే మధ్య భాగం చిరిగి ఊడిపోయి, అచ్చులో నల్లటి మచ్చ పడుతుంది. రెండు స్టెన్సిళ్లు పాడయ్యాక ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. ఏ సున్నానూ పూర్తిగా మూయకుండా వెంట్రుకవాసి సందు వదిలేది. తప్పు పడితే గోళ్లరంగు పూసి, ఆరాక మళ్లీ రాసేది. మూడు సంచికల్లోనూ ఉన్న ఆ సందు వదిలిన సున్నాలను నేను ఇప్పటికీ ఎక్కడ చూసినా గుర్తుపడతాను.

కాలేజీ ఆఫీసులో పరీక్షపేపర్లు తీసే గెస్టెట్నర్ ఉండేది. శనివారం మధ్యాహ్నం ఆఫీసు మూసే ముందు అటెండర్ ఆయమ్మ మమ్మల్ని లోపలికి రానిచ్చేది. ఇంకు ట్యూబు ఎంత పిండాలో, మొదటి పది కాగితాలు వెలిసినట్టు వస్తే బెంగపడొద్దని, ఒకవైపు అచ్చేసినవి ఒక రాత్రి ఆరాకే రెండోవైపు వేయాలని నేర్పింది ఆమే. ఆమెకు చదవడం రాదు. అక్షరాలు వంకరగా పడ్డాయో లేదో మాత్రం మాకంటే ముందు ఆమెకే తెలిసేది. కాగితాలు మడిచి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో పొడిచి, దారం వేసి ముడివేసేవాళ్లం. మొదటి సంచిక 1983 జనవరిలో, 12 పేజీలు, 40 కాపీలు. రెండోది జులైలో, 60. మూడోది 1984 ఫిబ్రవరిలో, 100 కాపీలు.

పత్రికకు పేరు మాత్రం పెట్టలేకపోయాం. ఆమె ఉర్దూ పేర్లు చెప్పింది, నేను తెలుగు పేర్లు చెప్పాను. హాస్టలు పిల్లలు ఇంగ్లీషు పేర్లు చెప్పారు. తెగలేదు. అట్ట మీద పెద్దగా '1' అని వేసి ఊరుకున్నాం. తర్వాత '2', '3'. మా ఇంగ్లీషు లెక్చరర్ ఒకామె చూసి, "ఇలాంటివాటికి చట్టం ఉంటుంది అమ్మాయిలూ, ప్రైవేటు వితరణకు మాత్రమే అని కింద రాయండి" అని సలహా ఇచ్చింది. ఆమె అన్నది 1867 నాటి ప్రెస్సు, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం గురించి. 2024 మార్చి దాకా అమల్లో ఉన్న ఆ చట్టం దృష్టిలో సైక్లోస్టైల్ కూడా ముద్రణే. అచ్చువేసినవారి పేరు, ప్రచురించినవారి పేరు కాగితం మీద ఉండాలంటుంది అది. చట్టం మాట విన్నాక నాకు కొంచెం గర్వం కలిగినట్టుంది. రెండో సంచిక చివరి పేజీలో 'సంపాదకురాలు' అని రాయించి, పక్కన నా పేరు వేయించాను. రాసింది ఆమె చేతే. ఇద్దరి పేర్లూ వేద్దామా అని నేను అడగలేదు. ఆమె అనలేదు. తెలుగు రాత నాది కదా అని లోపల సర్దిచెప్పుకున్నాను.

ఇక లోపల ఏముండేది? నాజియా గురించి మాకు తెలిసింది బహుకొద్ది. క్యాసెట్ అట్ట, ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద ఆదివారాలు దొరికే పాత పత్రికల్లోంచి కత్తిరించిన రెండు మూడు కబుర్లు, అంతే. 12 పేజీలు నింపడానికి గాయని సమాచారం చాలదు. పాటలూ వాటి అర్థాలూ పోగా మిగిలిన చోట ఉత్తరాలు వేశాం. మొదటి సంచికలో అరపేజీ. మూడో సంచికకు అది ఆరు పేజీలైంది. ఆ ఆరు పేజీల్లో నాజియా పేరు నాలుగైదుసార్లు వస్తుందేమో. మిగతాదంతా వేరే. పెద్దమనిషి అయ్యాక పాడటం మాన్పించారని ఒకరు. కచేరీలు చేసే కుటుంబంలో పుట్టి, తమ్ముడికి మాత్రమే సంగీతం చెప్పిస్తున్నారని ఒకరు. చీకట్లో దుప్పటి కింద రేడియో చెవికి ఆనించుకుని వింటానని ఒకరు. పెళ్లిచూపుల్లో పాడమన్నప్పుడు నాజియా పాట పాడి సంబంధం తప్పించుకున్నానని ఒకరు. ఆ ఉత్తరం మేం ఎన్నిసార్లు చదువుకున్నామో!

మేం గాయని గురించి పత్రిక పెట్టామనుకున్నాం. పిల్లలు తమ గురించి రాయడానికి దాన్ని వాడుకున్నారు. అంతమాత్రాన ఆమె ఒక సాకు అని నేననను. ఆమె లేకుంటే ఆ ఉత్తరాలు లేవు. 'నా గురించి రాస్తాను' అని మొదలుపెట్టే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. 'ఆమె పాట గురించి రాస్తాను' అంటే చేయి కదిలేది.

తర్వాతెప్పుడో తెలుసుకున్న సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మా మొదటి సంచిక వచ్చిన మరుసటి నెల, 1983 ఫిబ్రవరి 12న, లాహోర్‌లో స్త్రీలు రోడ్డెక్కారు. జియా ఉల్ హక్ సైనిక ప్రభుత్వం తెస్తున్న సాక్ష్య చట్టంలో ఇద్దరు స్త్రీల సాక్ష్యాన్ని ఒక పురుషుడి సాక్ష్యంతో సమానం చేయబోతున్నారని నిరసన. పోలీసులు లాఠీలతో కొట్టారు. దానికి ముందే, 1981లో, కరాచీలో విమెన్స్ యాక్షన్ ఫోరమ్ ఏర్పడింది. మేం కరాచీ పిల్ల పాటల్ని కాపీ చేసుకుంటున్న రోజుల్లో ఆ ఊళ్లో ఇంకో గొంతు కూడా లేస్తోందని మాకు తెలియదు. మా హైదరాబాదులోనే 1978 నుంచి స్త్రీ శక్తి సంఘటన పనిచేస్తోందని కూడా అప్పటికి తెలియదు. మా లోకం హాస్టలు గేటు దగ్గర మొదలై టూ-ఇన్-వన్ దగ్గర ఆగిపోయేది. ఉన్నదున్నట్టు చెప్పడమే మంచిది.

సదస్సులో వచ్చిన నవ్వు దగ్గరికి మళ్లీ వస్తాను. ఇంగ్లీషులో ఇలాంటి పత్రికల్ని ఫ్యాన్‌జీన్ అంటారు. 1940లో అమెరికాలో సైన్స్ ఫిక్షన్ అభిమానుల మధ్య పుట్టిన మాట అది. పాప్, రాక్ సంగీతంలో దాని చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా రెండు పేర్లతో మొదలుపెడతారు. 1966లో పాల్ విలియమ్స్ అనే పదిహేడేళ్ల కాలేజీ కుర్రాడు అమెరికాలో తీసిన 'క్రాడాడీ'. మా పత్రికలాగే అదీ మొదట సైక్లోస్టైలే. రెండోది 1976లో లండన్‌లో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమాస్తా తీసిన 'స్నిఫిన్ గ్లూ'. మొదటిది రాక్ విమర్శకు పునాది అంటారు. రెండోది పంక్ ఉద్యమ పత్రం అంటారు. రెండూ నిజమే. వాటిని చదివి ఎవరూ నవ్వరు. అబ్బాయి అభిమానం విమర్శగా ఎదుగుతుంది. అమ్మాయి అభిమానం మాత్రం వయసు తెచ్చిన పిచ్చిగా మిగిలిపోతుంది.

బీటిల్స్ కాలం చూడండి. కెమెరాలు ఏడుస్తున్న, కేకలు పెడుతున్న ఆడపిల్లల్నే చూపించాయి. బార్బరా ఎరెన్‌రైక్, ఎలిజబెత్ హెస్, గ్లోరియా జేకబ్స్ 1986లో వచ్చిన తమ పుస్తకంలో ఆ కేకల్ని కొత్తగా చదివారు. మంచిపిల్లలా అణిగిమణిగి ఉండమని పెంచిన ఒక తరం, వీధిలో, గుంపుగా, పోలీసుల వరసను తోసుకుంటూ అదుపు తప్పడం ఒక తిరుగుబాటు అన్నారు. దానికి పదేళ్ల ముందే ఏంజెలా మెక్‌రాబీ, జెన్నీ గార్బర్ ఇంకో ప్రశ్న వేశారు. యువజన సంస్కృతి మీద పరిశోధన చేసేవాళ్లంతా వీధుల్లోనే వెతుకుతున్నారు, వీధిలోకి రానివ్వని ఆడపిల్లలు తమ గదుల్లో గోడలకు బొమ్మలంటించుకుని, స్నేహితురాళ్లతో కలిసి రికార్డులు వింటూ కట్టుకున్న సంస్కృతి మాటేమిటని. ఆ వ్యాసం చదువుతుంటే నాకు మా హాస్టలు గది కళ్లముందు నిలిచింది.

అయితే కేకలు, గది గోడలు, ఈ రెండింటికీ తోడు మూడోది ఒకటుంది. పని. 1968 తర్వాత లండన్‌లో బీటిల్స్ ఆఫీసు మెట్ల మీద, స్టూడియో గేటు దగ్గర రోజుల తరబడి కాచుకుని ఉండే అమ్మాయిల గుంపు ఒకటుండేది. వాళ్లను 'యాపిల్ స్క్రఫ్స్' అనేవారు. జార్జ్ హారిసన్ 1970లో ఆ పేరుతోనే వాళ్ల మీద ఒక పాట చేశాడు. వాళ్ల కథ అంటే అందరూ ఆ పాట చెప్తారు. ఆ అమ్మాయిలు తమకంటూ సభ్యత్వ కార్డులు వేసుకున్నారని, సొంతంగా ఒక పత్రిక నడుపుకున్నారని చెప్పేవాళ్లు తక్కువ. అట్లా గేటు దగ్గర నిలబడ్డవాళ్లలోంచే 1968 ఫిబ్రవరి 4న బ్రెజిల్ నుంచి వచ్చిన లిజీ బ్రావోను, లండన్ అమ్మాయి గేలీన్ పీజ్‌ను లోపలికి పిలిచి, 'అక్రాస్ ద యూనివర్స్' పాటలో పైస్థాయిలో గొంతు కలపమన్నారు. అప్పుడు లిజీకి 16 ఏళ్లు. ఆమె ఆ రోజుల్లో రాసుకున్న డైరీలు 2015లో పుస్తకంగా వచ్చాయి. దాదాపు అర్ధశతాబ్దం ఆమె తన కాగితాలను తానే కాపాడుకుంది.

మేం నోటుబుక్కు నింపుతున్న 1982లోనే బ్రిటన్‌లో కేట్ బుష్ అభిమానులు క్రిస్టినా, పీటర్ ఫిట్జెరాల్డ్-మోరిస్, డేవ్ క్రాస్ కలిసి 'హోమ్‌గ్రౌండ్' అనే పత్రిక మొదలుపెట్టారు. కంపెనీ డబ్బుతో పని లేకుండా అభిమానులే నడుపుకున్న పత్రిక. దశాబ్దాలు నడిచి, 2014లో రెండు సంపుటాల సంకలనమైంది. 1991 నుంచి అమెరికాలో రయట్ గర్ల్ ఉద్యమంలో అమ్మాయిలు జిరాక్స్ కాగితాల మీద తీసిన పత్రికల్లో పాటల కబుర్లూ, అత్యాచారం గురించిన కథనాలూ, శరీరం గురించిన సందేహాలూ పక్కపక్కనే ఉంటాయి. మా ఉత్తరాల పేజీకి అక్కచెల్లెళ్లలాంటివి. న్యూయార్కులోని బర్నార్డ్ కాలేజీ 2003లో ఇలాంటి పత్రికల కోసం ఒక లైబ్రరీ విభాగమే తెరిచింది. 2009 నుంచి న్యూయార్క్ యూనివర్సిటీలోని ఫేల్స్ లైబ్రరీ రయట్ గర్ల్ కాగితాలను సేకరించింది.

మన దగ్గర అభిమానుల చరిత్ర రాయలేదని కాదు. ఎస్.వి. శ్రీనివాస్ వంటి పరిశోధకులు తెలుగు సినిమా అభిమాన సంఘాల మీద ఎంతో పని చేశారు. కటౌట్లు, రక్తదానాలు, మొదటి ఆట హడావిడి, రాజకీయాల్లోకి దారి, అన్నీ అందులో ఉన్నాయి. ఆ సంఘాల్లో ఆడవాళ్లు దాదాపు కనిపించరు. సంఘమంటే వీధి, వీధి అంటే మగవాళ్లది. ఆడవాళ్లు అభిమానాన్ని ఎక్కడ దాచుకున్నారో వెతకాలంటే నోటుబుక్కులు, ట్రంకుపెట్టెలు తెరవాలి. 

ఇంతవరకూ రాయడం సులభం. ఇతరుల చరిత్రలో ఎవరు మరుగునపడ్డారో వేలెత్తి చూపడం మాకు అలవాటైన పనే. ఇక నా సంగతి.

మూడో సంచిక వెనక అట్ట మీద ఒక పాట పేరును ఆమె ఉర్దూ లిపిలో అందంగా రాసింది. ఆ లిపి చూసినవాళ్లెవరో కాపీని తీసుకెళ్లి పైవాళ్లకు చూపించారు. "కాలేజీ మెషిను మీద పాకిస్తాన్ పత్రిక అచ్చేస్తున్నారు" అన్నది ఫిర్యాదు. అప్పట్లో హైదరాబాదులో ఏడాదికోసారైనా మతఘర్షణలు, పాతబస్తీలో కర్ఫ్యూలు. ఇద్దర్నీ పిలిచారు. సంపాదకురాలని అచ్చులో ఉన్నది నా పేరు ఒక్కటే. ప్రశ్నలన్నీ ఆమెకు వేశారు. ఇదంతా నీ పనేనా? ఈ పాటలు ఎక్కణ్నుంచి వస్తున్నాయి? మీ ఇంట్లో ఎవరెవరుంటారు? అన్న ఎక్కడుంటాడు? నా వైపు తిరిగి, "నువ్వు మంచి కుటుంబం పిల్లవి, స్నేహాలు చూసి చెయ్యాలి" అన్నారు. ఆమెను మాత్రం నాన్నను తీసుకురమ్మన్నారు.

ఆ గదిలో నేను చెప్పాల్సిన వాక్యం ఒక్కటే. ఇది నా పత్రిక కూడా, సంపాదకురాలిని నేనే, ముందు నన్నడగండి. అది నా నోట్లోంచి రాలేదు. ఎంత భయం వేసిందో ఇప్పుడు చెప్పినా సమర్థనే అవుతుంది. గర్వపడాల్సి వచ్చినప్పుడు నా ఒక్కదాని పేరు. జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమె ఒక్కదాని పేరు. లాహోర్ స్త్రీలు ఏ అన్యాయానికి వ్యతిరేకంగా లాఠీలు తిన్నారో తర్వాత చదివినప్పుడు, సాక్ష్యం గురించిన ఆ మాట నాకు మరోలా తగిలింది. నా సాక్ష్యాన్ని ఎవరూ సగం చేయలేదు. నేనే మొత్తంగా దాచుకున్నాను.

వాళ్ల నాన్న వచ్చాడు. చేతులు కట్టుకుని అంతా విని, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఆయమ్మను ఆఫీసు డ్యూటీ నుంచి తీసి గేటు దగ్గర వేశారు. నా స్నేహితురాలు ఏడాది చివరిదాకా క్లాసులకు వచ్చింది, నా పక్కనే కూర్చుంది, నాజియా మాట మళ్లీ ఎత్తలేదు. ఆ వేసవి తర్వాత రాలేదు. 1984 జులై నుంచి సెప్టెంబరు దాకా పాతబస్తీ ఎన్నోసార్లు కర్ఫ్యూలో ఉంది. ఒకటి రెండుసార్లు వెళ్దామనుకున్నాను. వెళ్లలేదు. పెళ్లయిందని ఎవరో చెప్పారు.

1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల మాటలు అవి. ఉత్తరాలు మోసినవాళ్లు, అన్నం వండిపెట్టినవాళ్లు, తుపాకులు దాచినవాళ్లు తమ నోటితో తాము చెప్పుకున్న చరిత్ర. నా తరానికి ఆ పుస్తకం కళ్లు తెరిపించింది. ఎవరి పని చరిత్ర అవుతుంది, ఎవరి పని సాయం అవుతుంది అని నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, వ్యాసాలు రాశాను. అట్ట లోపలి పేజీలో నా పేరు ఒక్కటే ఉన్న మూడు సంచికలు నా బీరువాలోనే ఉన్నాయి.

నాజియా తర్వాత 1984లో 'యంగ్ తరంగ్', 1987లో 'హాట్‌లైన్', 1992లో 'కెమెరా కెమెరా' చేసింది. అదే చివరి ఆల్బమ్. లా చదివింది, ఐక్యరాజ్యసమితిలో పనిచేసింది. 2000 ఆగస్టు 13న లండన్‌లో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో, 35 ఏళ్లకే చనిపోయింది. పేపర్లో చిన్న వార్త చూశాను. ఆ వార్త చదివి నాతో సమానంగా బాధపడే మనిషి ఈ ఊళ్లో ఒకరే ఉన్నారనీ, ఆమె ఎక్కడుందో కూడా నాకు తెలియదనీ అప్పుడు తట్టింది. అయినా వెతకలేదు. సదస్సులో నవ్వు విన్నాకే వెతికాను. పాత క్లాసువాళ్లను, వాళ్లకు తెలిసినవాళ్లను అడుగుతూ పోతే నెలన్నరకు దొరికింది. హైదరాబాదులోనే ఉంది. నా ఇంటికి ఎనిమిది కిలోమీటర్లు.

కుట్టుమిషను పెట్టుకుని పిల్లల్ని చదివించింది. ఇప్పుడు మనవరాలు ఉంది. చాయ్ ఇచ్చి, నేను మాటలు కూడదీసుకుంటుండగానే లోపలికి వెళ్లి ఒక చుట్ట తెచ్చింది. పాత చున్నీలో చుట్టిన స్టెన్సిళ్లు. నాలుగో సంచిక. 1984లో కర్ఫ్యూ రోజుల్లో ఇంట్లో కూర్చుని ఆమె ఒక్కతే రాసింది. ఏ మెషినూ ఎక్కలేదు. ఎండలకు మైనం కరిగి రెండు స్టెన్సిళ్లు అతుక్కుపోయాయి. మిగతావి పట్టుకుంటే పెళుసుగా ఉన్నాయి. అచ్చు కాని స్టెన్సిల్‌ను చదవాలంటే వెలుతురుకు అడ్డంగా పట్టుకోవాలి. కిటికీ దగ్గర నిలబడి, ఒకచివర ఆమె, ఒకచివర నేను పట్టుకుని చదివాం. మూడో సంచికకు వచ్చి, పేజీల్లో చోటు చాలక మిగిలిపోయిన ఉత్తరాలన్నీ అందులో ఉన్నాయి. సందు వదిలిన సున్నాలతో. చివరి పేజీలో 'సంపాదకులు' అని ఉంది. మొదట నా పేరు, పక్కన ఆమె పేరు.

ఆ గదిలో నేను మాట్లాడకపోవడం గురించి అప్పుడడిగాను. "గుర్తుంది" అంది. అంతకంటే ఏం అనలేదు. పర్వాలేదని కూడా అనలేదు. నేనూ అనిపించుకోవడానికి ప్రయత్నించలేదు.

ఈ వ్యాసంలో పేరు రాస్తానంటే వద్దంది. "ఇప్పుడు పిలగాండ్లకు కాలం మంచిగ లేదు, రాయకు" అంది. నలభై ఏళ్లకు నేను సరిదిద్దుకుందామనుకున్న తప్పు, కాలం మారనందువల్ల అట్లాగే మిగిలింది. చాలాసేపు ఆలోచించి, "రాయాలంటే స్టెన్సిళ్లు కట్ చేసింది ఇంకొకామె అని రాయి. ఆయమ్మ గురించి కూడా రాయి" అంది.

రాస్తున్నాను. మీలో ఎవరి దగ్గరైనా ఇలాంటి కాగితాలుంటే, పాటల నోటుబుక్కులు, చేతిరాత పత్రికలు, ఒక గాయని కోసమో ఒక నవలారచయిత్రి కోసమో కట్టిన కత్తిరింపుల పుస్తకాలు, పారేయకండి. ఎవరెవరు ఏ పని చేశారో వెనక అట్ట మీద రాసి పెట్టండి. పేరు రాయొద్దన్నవాళ్ల పని అయినా రాయండి. మా పత్రిక మూడు సంచికలూ, నాలుగో సంచిక స్టెన్సిళ్లూ ప్రస్తుతం ఆమె దగ్గరే ఉన్నాయి. ఏదైనా లైబ్రరీకి ఇద్దామా అని అడిగితే, "పేరు లేదు గదా, ఏ పేరు కింద పెడతరు?" అని నవ్వింది. ఈసారి నేను నవ్వలేదు. ఇద్దరం కూర్చుని పేరు ఆలోచిస్తున్నాం. ఇంకా తెగలేదు.